ఊడిన పన్నుకు మూడవ పుట్టుక లేదు

పన్ను ఊడిన చోట మళ్లీ పన్ను మొలిపించే మూలిక ఏదైనా ఉన్నదా? ఆయుర్వేద వైద్యవృత్తిలో ఉన్న నన్ను ఈ ప్రశ్న అడిగేవారికి కొదవ లేదు. అడిగేవారు అమాయకులు కారు. చదువుకున్నవారు, ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, పిల్లలను పైచదువులకు పంపినవారు. దంతవైద్యుడు ఇంప్లాంట్ వేయించుకొమ్మని చెప్పి, ఖర్చు ఎంతవుతుందో కాగితం మీద రాసి ఇస్తే, ఆ కాగితం జేబులో పెట్టుకొని నా దగ్గరకు వస్తారు. "దవడలో మేకు దిగగొట్టించుకోవడం దేనికండీ, మన శాస్త్రంలో ఏదో ఒక ఉపాయం ఉండకపోదు" అంటారు.

లేదు. ఈ మాటను ఆయుర్వేద వైద్యుడే చెప్పాలి. దంతవైద్యుడు చెబితే తన వ్యాపారం కోసం చెబుతున్నాడని అనుమానిస్తారు.

సంస్కృతంలో పక్షికీ పంటికీ "ద్విజ" అనే పేరు ఉన్నది. రెండుసార్లు పుట్టేది అని దాని అర్థం. పక్షి గుడ్డుగా ఒకసారి, పిల్లగా ఒకసారి పుడుతుంది. పన్ను పాలపన్నుగా ఒకసారి, శాశ్వత దంతంగా ఒకసారి పుడుతుంది. కాశ్యపసంహితలో దంతాల పుట్టుకను గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. ఒకసారి మాత్రమే పుట్టే పళ్లు ఎన్ని, రెండుసార్లు పుట్టేవి ఎన్ని అని అక్కడ విడదీసి చెప్పారు. ఇక్కడ శాస్త్రం చదివినవారు ఒక ఆక్షేపణ చేయవచ్చును. సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలో సోమరసాయనం సేవించినవానికి పాతపళ్లు రాలి, వజ్రాల వంటి కొత్తపళ్లు వస్తాయని ఉన్నది కదా అని. ఉన్న మాట నిజమే. అయితే ఆ సోమలత ఏ మొక్కో పండితులు ఈనాటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. గుర్తించలేని మొక్కను ఆధారం చేసుకొని, ఆ శ్లోకాన్ని పొట్లం మీద అచ్చువేసి, దంతచూర్ణం అమ్ముకోవడం శాస్త్రసేవ అనిపించుకోదు. అటువంటి పొడుల వలన రోగి పోగొట్టుకొనేది వంద రూపాయలు మాత్రమే అయితే నేను ఇంతగా చెప్పేవాడిని కాను. అతడు పోగొట్టుకొనేది కాలం. ఆ కాలం విలువ ఎంతటిదో ముందు చెబుతాను.

జపాన్ దేశంలోని క్యోటో విశ్వవిద్యాలయ వైద్యశాలలో, అణగి ఉన్న దంతబీజాన్ని మేల్కొలిపే ఔషధాన్ని మనుషులపై పరీక్షించడం 2024లో మొదలుపెట్టారు. అది ఫలిస్తే మూడవ పుట్టుక కూడా సాధ్యం కావచ్చును. కాని అది పరీక్ష మాత్రమే. దానిని నమ్ముకొని ఈనాటి ఖాళీని అలాగే ఉంచుకోవడం తగదు.

ఖాళీ అనేది ఊరికే ఉండదు. చరకుడు శరీరంలోని ఎముకలను లెక్కపెట్టినప్పుడు ముప్పైరెండు దంతాలతో పాటు ముప్పైరెండు "దంతోలూఖలాల"ను వేరుగా లెక్కించాడు. ఉలూఖలం అంటే రోలు. పన్ను రోకలి అయితే అది దిగి ఉన్న ఎముక గుంట రోలు. ఈ రోలుకు ఒక విచిత్రమైన గుణం ఉన్నది. రాతిరోలు పోటు పడినకొద్దీ అరుగుతుంది. ఇది పోటు ఆగిపోతే అరుగుతుంది. నమిలినప్పుడల్లా పంటివేరు ద్వారా అందే ఒత్తిడే దవడ ఎముకకు జీవం. పన్ను పోయిన తరువాత శరీరం ఆ భాగాన్ని పనిలేనిదిగా ఎంచి క్రమంగా హరించివేస్తుంది. పన్ను తీసిన మొదటి సంవత్సరంలోనే అక్కడి ఎముక వెడల్పు ఇంచుమించు సగం వరకు తగ్గవచ్చును. అందులో అధికభాగం మొదటి మూడు నెలలలోనే జరిగిపోతుంది. పొడులు, తైలాలు వాడుతూ రెండు మూడేళ్లు గడిపి వచ్చినవారికి ఇంప్లాంట్ నిలబెట్టేందుకు ఎముక చాలక, ముందు ఎముక పొడి నింపి, అది గట్టిపడేదాకా నెలల తరబడి ఆగవలసి వస్తుంది. ఖర్చు, శ్రమ రెండూ పెరుగుతాయి. కాలం విలువ అని నేను అన్నది ఇందుకే.

ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లు ఆ సందులోకి ఒరుగుతాయి. ఎదుటి దవడలోని పన్ను ఆసరా లేక కిందికో మీదికో జారుతుంది. ఒరిగిన పళ్ల సందులలో అన్నం మెతుకులు, ఆకుకూర పీచు ఇరుక్కొని చిగుళ్లు చెడతాయి. వెనుక దంతం ఒక్కటే కదా, నవ్వినా కనబడదు కదా అని ఊరుకొన్న ఇంట అయిదారేళ్లకు మరి రెండు పళ్లు కదలడం చాలామంది అనుభవమే.

ఇంతకన్న ముఖ్యమైనది ఆహారం విషయం. పళ్లు పోయిన పెద్దలు ఏమి తింటున్నారో ఇంటివారు ఒక వారం రోజులు గమనించి చూడాలి. మెత్తని అన్నం, చారు, పెరుగు, ఇడ్లీ, రొట్టె పాలలో నానబెట్టినది. జొన్నరొట్టె మానుతారు. గోరుచిక్కుడు, ముల్లంగి మానుతారు. జామకాయ, వేరుశనగ, పచ్చికొబ్బరి ముక్క పక్కకు పెడతారు. మాంసాహారులు మాంసం మానుతారు. మిగిలేది పిండిపదార్థం. మధుమేహం ఉన్న వృద్ధులకు ఇది ఎంత చేటో వేరే చెప్పనక్కరలేదు. "వయసు వచ్చింది, ఆకలి తగ్గింది" అని ఇంట్లో అనుకుంటారు. ఆకలి తగ్గలేదు, నమిలే సాధనం పోయింది. జఠరాగ్ని దీపనానికి నేను ఇచ్చే చూర్ణాలు నోటిలో నలగని ఆహారాన్ని నలపలేవు. పళ్లున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్లు లేవు అని మనవాళ్లు నవ్వుతూ అనే మాట వినడానికి బాగుంటుంది గాని, పండుగ నాడు అందరూ చేగోడీలు, చెక్కలు తింటూంటే తాతగారు వాటిని చారులో నానబెట్టుకోవడం చూస్తే నవ్వు రాదు.

పోయిన పన్నుకు బదులు పెట్టే పద్ధతులు మూడున్నాయి. తీసి పెట్టుకొనే కట్టుడు పళ్లు అన్నిటికన్న చౌక. వాటిని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. ఎందరో పేదలకు అవే ఆధారం. అయితే నోటిలో ఒక్క పన్నూ లేనివారు పూర్తి సెట్టుతో నమిలే బలం సహజదంతాల బలంలో నాలుగో వంతుకు మించదు. పైగా సెట్టు కింద ఎముక అరగడం ఆగదు. పై దవడకన్న కింది దవడలో ఈ అరుగుదల చాలా ఎక్కువ. నాలుగేళ్లు గడిచేసరికి కింది సెట్టు మాట్లాడినప్పుడల్లా లేచి ఆడడానికి కారణం ఇదే. రెండవది బ్రిడ్జి. ఖాళీకి రెండు పక్కల ఉన్న పళ్లను అరగదీసి, మూడింటికీ కలిపి తొడుగు వేస్తారు. పక్కపళ్లు అప్పటికే పుచ్చి, తొడుగు అవసరమైనవైతే బ్రిడ్జి మంచి మార్గమే. లక్షణమైన రెండు పళ్లను ఒక పంటి కోసం అరగదీయడం మాత్రం నాకు సమ్మతం కాదు. మూడవది ఇంప్లాంట్.

ఇంప్లాంట్ అంటే పన్ను కాదు, పంటివేరు. టైటానియం లోహంతో చేసిన చిన్న మరను దవడ ఎముకలో బిగిస్తారు. స్థానికంగా మత్తు ఇచ్చి చేస్తారు గనుక ఆ సమయంలో నొప్పి ఉండదు. పన్ను పీకించుకొన్న తరువాత ఉండేపాటి నొప్పి, వాపు రెండు మూడు రోజులు ఉంటాయి. ఆ మర ఎముకతో ఏకం కావడానికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. ఆ తరువాత దానిపై ఒక చిన్న స్తంభం, ఆ స్తంభంపై పంటి తొడుగు బిగిస్తారు. "ఒక్క రోజులో పళ్లు" అనే ప్రకటనలు చూస్తుంటాము. ఎముక దట్టంగా ఉండి మర మొదటనే గట్టిగా పట్టినవారిలో అది సాధ్యమే. ఆ ప్రకటన చదివే అందరికీ సాధ్యం కాదు.

ఈ విద్యకు మూలపురుషుడు స్వీడన్ దేశస్థుడు పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్. ఆయన దంతవైద్యుడు కాడు. 1952లో లుండ్ నగరంలో కుందేలు ఎముకలో రక్తప్రసరణ ఎలా జరుగుతుందో చూడడానికి టైటానియం గొట్టంలో అమర్చిన పరికరాన్ని ఆ ఎముకలో ఉంచాడు. పని ముగిసిన తరువాత ఖరీదైన ఆ పరికరాన్ని తిరిగి తీసుకోబోతే అది ఊడి రాలేదు. ఎముక దానిని పట్టుకొని తనలో కలుపుకొన్నది. మరొకరైతే విసుక్కొని ఊరుకొనేవారేమో. ఆయన దానినే పట్టుకొని పరిశోధన సాగించి, 1965లో గోస్టా లార్సన్ అనే వ్యక్తికి మొదటిసారిగా దంతమూలాలు అమర్చాడు. లార్సన్ దవడ, అంగిలి లోపాలతో పుట్టి, కింది దవడలో పళ్లు లేక బాధపడినవాడు. ఆయన 2006లో మరణించేవరకు, అంటే నలభై ఏళ్లకు పైగా, ఆ దంతమూలాలు పనిచేశాయి. అయినప్పటికీ దంతవైద్య లోకం ఈ పద్ధతిని విస్తృతంగా అంగీకరించినది 1982లో కెనడాలోని టొరంటోలో జరిగిన సదస్సు తరువాతనే.

"శరీరంలో చేరిన పరాయి వస్తువు శల్యం కదా, శల్యాన్ని తీసివేయమని కదా మన శాస్త్రం చెబుతున్నది?" అని ఒక పాఠకుడు నన్ను నిలదీశాడు. మంచి ప్రశ్న. శరీరానికి గాని మనస్సుకు గాని బాధ కలిగించేది శల్యం అని సుశ్రుతుని నిర్వచనం. పరాయిదైనంత మాత్రాన శల్యం కాదు. బాధిస్తే, చీము పట్టిస్తే శల్యం. టైటానియం గాలి సోకిన వెంటనే తనపై ఒక పలుచని పొర ఏర్పరచుకొంటుంది. ఆ పొరను శరీరం శత్రువుగా ఎంచదు గనుక ఎముక కణాలు దానిని అంటిపెట్టుకొని పెరుగుతాయి. తెగిన ముక్కును చర్మంతో తిరిగి నిర్మించే విధానం చెప్పిన సుశ్రుతుని వారసులు దంతమూలాన్ని చూసి జంకవలసిన పని లేదు. లోహం ససేమిరా వద్దనుకొనేవారికి జిర్కోనియా అనే తెల్లని పదార్థంతో చేసినవీ ఉన్నాయి. టైటానియానికి ఉన్నంత దీర్ఘకాలపు అనుభవం వాటికి లేదు.

ఇంతవరకు చదివినవారు నేను ఇంప్లాంట్ల ప్రచారానికి పూనుకొన్నానని అనుకోవద్దు. మొదటి మాట, బతికించదగిన పన్నును బతికించుకోవడమే ఉత్తమం. సహజమైన పంటివేరుకూ ఎముకకూ నడుమ సన్నని నారల పొర ఒకటి ఉంటుంది. అన్నంలో చిన్న రాయి తగిలిన వెంటనే మనకు తెలిసేది, ఒత్తిడి పడినప్పుడు పన్ను వెంట్రుకవాసి ఒదిగేది ఆ పొర వలననే. ఇంప్లాంట్‌కు అది ఉండదు. ఎంత గొప్ప కృత్రిమ దంతమైనా ఈ విషయంలో సహజదంతం ముందు దిగదుడుపే. కదులుతున్నప్పటికీ పైదంతాన్ని పీకవద్దని, రక్తస్రావం అధికమై ఉపద్రవాలు కలుగుతాయని సుశ్రుతుడు హెచ్చరించాడు. నాటి కారణం వేరు, నేటి కారణం వేరు. తొందరపాటు కూడదన్న హితవు ఒకటే. నాకు తెలిసిన ఒక గృహిణికి ఒక దంతవైద్యశాలలో మూడు పళ్లు తీసి మూడు ఇంప్లాంట్లు వేయాలని చెప్పారు. ఆమె మరొకచోట చూపించుకొంటే రెండు పళ్లు రూట్ కెనాల్‌తో నిలిచాయి. ఒక్కదానికే ఇంప్లాంట్ అవసరమైనది. పన్ను తీయమన్నప్పుడు రెండవ అభిప్రాయం అడగడం వైద్యుని అవమానించడం కాదు. సరైన వైద్యుడు దానికి నొచ్చుకోడు.

రెండవ మాట, ఇది అందరికీ వెంటనే తగినది కాదు. మధుమేహం అదుపులో ఉన్నవారికి ఇంప్లాంట్లు బాగానే నిలుస్తున్నాయి. అదుపులో లేనివారికి గాయం మానదు, ఎముక పట్టదు. కావున మూడు నెలల సగటును తెలిపే రక్తపరీక్ష చేయించుకొని, అది దారికి వచ్చిన తరువాతనే కూర్చోవాలి. ఎముకలు గుల్లబారినందుకు బిస్ఫాస్ఫోనేట్ వంటి మందులు వాడుతున్న స్త్రీలు, ముఖ్యంగా ఏడాదికో ఆరునెలలకో ఒకసారి సూది వేయించుకొంటున్నవారు, ఆ సంగతి తప్పక చెప్పాలి. అటువంటివారిలో దవడ ఎముక కొంత మేర నిర్జీవమయ్యే ప్రమాదం ఉన్నది. మెడ, తల భాగాలకు కాన్సర్ నిమిత్తం రేడియేషన్ పొందినవారి విషయమూ అంతే. రక్తం పలుచబడే మందులను ఎవరికి వారు మానివేయకూడదు. ఆ మందు ఇచ్చిన వైద్యుడినే అడగాలి. మన ఆయుర్వేద ఔషధాల గురించీ దంతవైద్యునికి చెప్పండి. వెల్లుల్లి గుళికలు, పసుపు సారపు గుళికలు రక్తం గడ్డకట్టడాన్ని కొంత మందగింపజేయవచ్చును. "అవి మూలికలే కదా" అని దాచిపెట్టే అలవాటు మనలో ఉన్నది.

దవడ ఎదుగుదల పూర్తికాని పిల్లలకు ఇంప్లాంట్ పనికిరాదు. ఆటలో ముందుపన్ను పోగొట్టుకొన్న పన్నెండేళ్ల బాలునికి అప్పటికి తీసి పెట్టుకొనే పన్నుతో సరిపెట్టి, ఎదుగుదల ఆగిన తరువాత చూడాలి. పైవయసుకు మాత్రం హద్దు లేదు. డెబ్బై దాటినవారికీ వేస్తున్నారు.

పొగాకు సంగతి వేరుగా చెప్పాలి. సిగరెట్టు, బీడీ, చుట్ట మాత్రమే కాదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలలో వృద్ధస్త్రీల అడ్డపొగ, గుట్కా, ముక్కుపొడితో పళ్లు తోముకోవడం అన్నీ చిగుళ్లను కాల్చేవే. పొగ తాగేవారిలో ఇంప్లాంట్లు విఫలం కావడం ఎక్కువ. వేలకు వేలు పోసి దంతమూలం వేయించుకొని, వైద్యశాల గుమ్మం దిగగానే సిగరెట్టు వెలిగించేవారిని చూస్తే నాకు జాలికన్న కోపమే ఎక్కువ వస్తుంది.

ఇక అన్నిటికన్న ముఖ్యమైన విషయం. సుశ్రుతుడు ముఖరోగాలను అరవై అయిదుగా లెక్కించాడు. వాటిలో దంతాలకు వచ్చేవి ఎనిమిది. దంతమూలాలకు, అంటే చిగుళ్లకు వచ్చేవి పదిహేను. పంటికన్న చిగురుకే ఇంచుమించు రెండింతలు రోగాలు చెప్పాడు. కారణం లేకుండానే చిగుళ్ల నుండి రక్తం కారడం, చిగుళ్లు మెత్తబడి దుర్వాసన రావడం "శీతాదం". చీమూ రక్తమూ కారి పళ్లు కదలడం "దంతవేష్టం". ఈనాటి దంతవైద్యులు చిగుళ్లవాపు, పయోరియా అని చెప్పేవి ఇవే. ఇంప్లాంట్ లోహం గనుక పుచ్చిపోదు. దానిని చూసి చాలామంది ఇక దిగులు లేదనుకొంటారు. దంతవేష్టం వంటి వ్యాధి ఇంప్లాంట్ చుట్టూ కూడా వస్తుంది. సహజదంతానికి చిగురు నారలు వేరులోకి దిగి బిగించి ఉంటాయి. ఇంప్లాంట్ చుట్టూ అవి ఊరికే ఆనుకొని ఉంటాయి. అందువలన పాచి చేరితే వాపు వేగంగా లోతుకు దిగి ఎముకను తినివేస్తుంది. నొప్పి తెలియదు. తెలిసేసరికి మర వదులవుతుంది. పదేళ్ల పరిశీలనలలో నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలిచి ఉన్నట్లు తేలిన మాట వాస్తవమే. నిలిచి ఉన్నవన్నీ ఆరోగ్యంగా ఉన్నాయని దాని అర్థం కాదు. అసలు పళ్లు చిగుళ్ల వ్యాధితోనే పోగొట్టుకొన్నవారు ఆ వ్యాధి నయం చేసుకోకుండా ఇంప్లాంట్ వేయించుకొంటే, చెదలు పట్టిన వాసానికి కొత్త పెంకు కప్పినట్లే.

ఇక్కడ మన దినచర్య అక్కరకు వస్తుంది. చరకుడు రెండుపూటలా దంతధావనం చేయమన్నాడు, చిగుళ్లను బాధించకుండా చేయమన్నాడు. ఈ రెండవ షరతును మనవాళ్లు మరచిపోయారు. వేపపుల్ల మంచిదే. సుశ్రుతుడు చేదుపుల్లలలో వేపను, వగరు వాటిలో చండ్రను శ్రేష్ఠమన్నాడు. చిటికెనవేలంత లావు, పన్నెండు అంగుళుల పొడవు అని కొలత కూడా చెప్పాడు. అయితే ఇంప్లాంట్ ఉన్న చోట పుల్ల కుచ్చు చిగురును గీరవచ్చును. అక్కడ మెత్తని కుంచె గల బ్రష్షు, సందులలోకి వెళ్లే సన్నని బ్రష్షు గాని దంతదారం గాని వాడాలి. రాత్రి పడుకొనే ముందు తోముకోవడం ఇంప్లాంట్ ఉన్నవారికి విధి. పిడక కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు ఉప్పు పూర్తిగా మానాలి. అవి తొడుగును గీరి, ఆ గీతలలో పాచి నిలిచేటట్లు చేస్తాయి.

శస్త్రచికిత్స జరిగిన రోజున ఏమీ పుక్కిలించకూడదు. గాయంపై గడ్డకట్టిన రక్తం కదిలిపోతుంది. మరునాటి నుండి గోరువెచ్చని ఉప్పునీటిని నోటిలో ఉంచుకొని, ఉమ్మకుండా మెల్లగా వదలాలి. లవంగతైలం పుప్పిపంటి నొప్పికి మంచిదే గాని పచ్చిగాయాన్ని కాలుస్తుంది. పసుపు ముద్ద, పటికపొడి గాయంలో కూరకూడదు. నలుసులు లోపల చిక్కి చీము పట్టవచ్చును. వైద్యుడు రాసి ఇచ్చిన మందులు పూర్తిగా వాడాలి. గాయం మానిన తరువాత, సుమారు మూడు నాలుగు వారాలకు, త్రిఫల కషాయం మొదలుపెట్టవచ్చును. ఒక చెంచా త్రిఫల చూర్ణాన్ని గ్లాసు నీటిలో సగానికి మరగించి, బట్టతో వడగట్టి, గోరువెచ్చగా పూటకొకసారి పుక్కిలించాలి. ఇది పాచిని తగ్గిస్తుందని కొన్ని ఆధునిక పరిశీలనలలోనూ తేలింది. నువ్వులనూనె గండూషం దవడలకు బలమని చరకుడు చెప్పాడు. 1990 దశకంలో తెలుగునాట ఆయిల్ పుల్లింగ్ పేరుతో దీనికి పెద్ద ఊపు వచ్చి, సర్వరోగ నివారిణి అన్నంత దూరం పోయింది. నోటి శుభ్రతకు అది మంచి తోడు. బ్రష్షుకు బదులు కాదు, పట్టిన గారను ఊడదీయలేదు. గార తీయడం దంతవైద్యుని పని, ఆరునెలలకొకసారి చూపించుకోవాలి.

ఖర్చు విషయానికి వస్తే, మన నగరాలలో ఒక్క పంటికి తొడుగుతో సహా సుమారుగా 25,000 రూపాయల నుండి 60,000 వరకు అడుగుతున్నారు. ఎముక నింపవలసి వస్తే అది అదనం. ఆరోగ్యబీమా సాధారణంగా ప్రమాదంలో పోయిన పళ్లకు తప్ప దీనికి వర్తించదు. మధ్యతరగతి ఇంట ఇది చిన్న మొత్తం కాదు. ఇద్దరు పిల్లల ఫీజులు కట్టవలసిన నెలలో తండ్రిగారి పన్ను వెనక్కు పోవడం సహజం. అటువంటివారు దంతవైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రులలో విచారించాలి. అక్కడ సమయం ఎక్కువ పట్టినా ఖర్చు తగ్గుతుంది.

పళ్లన్నీ పోయినవారు ముప్పైరెండు పళ్లకూ లెక్కవేసుకొని బెదరిపోతారు. అంత అవసరం లేదు. కింది దవడలో రెండే ఇంప్లాంట్లు వేసి, వాటికి గుండీల వలె బిగుసుకొనే సెట్టు పెట్టడం ఒక పద్ధతి. కింది దవడకు పళ్లు పూర్తిగా లేనివారి విషయంలో ఇదే మొదటి ఎంపిక కావాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు అభిప్రాయపడ్డారు. మా పేటలో విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఇలాగే చేయించుకొన్నారు. అంతకుముందు కింది సెట్టు ఆడుతున్నదని దానిని గిన్నెలో నీళ్లలో వేసి ఉంచి, పై సెట్టు ఒక్కటే పెట్టుకొని నలుగురిలోకి వచ్చేవారు. భోజనానికి పిలిస్తే రానని ఏదో వంక చెప్పేవారు. ఇప్పుడు జొన్నరొట్టె తింటున్నారు. అందరి ఎదుట తింటున్నారు. ఆయన చక్కెర కూడా మునుపటికన్న అదుపులో ఉన్నది. అది పళ్ల వలననే అని నేను అనను. తినే కూరగాయలు పెరగడం వలన అని మాత్రం అనగలను.

డబ్బు కట్టే ముందు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. నా దవడ ఎముక ఎంత ఎత్తు, ఎంత వెడల్పు ఉన్నది? మూడు కోణాలలో తీసే ఎక్స్‌రే తీశారా? కింది దవడలో పెదవికి స్పర్శ ఇచ్చే నరం, పై దవడలో గాలిగది ఎంత దూరంలో ఉన్నాయి? ఈ పన్నును నిలుపుకొనే మార్గం నిజంగా లేదా? చెప్పిన మొత్తంలో తొడుగు చేరి ఉన్నదా? మర పట్టకపోతే తిరిగి వేసే ఖర్చు ఎవరిది? ఇవి అడిగినందుకు విసుక్కొనే చోట కూర్చోవద్దు.

అన్నీ సరిపోయి వేయించుకొన్న తరువాత ఒక చీటీ అడిగి తీసుకోండి. ఇంప్లాంట్ డబ్బాపై అంటించి ఉండే ఆ చీటీలో కంపెనీ పేరు, మర కొలతలు, తయారీ సంఖ్య ఉంటాయి. ఒక కంపెనీ మరకు మరొక కంపెనీ స్తంభం సరిపోదు. పన్నెండేళ్ల తరువాత స్తంభం వదులైతే, అప్పటికి ఆ వైద్యుడు వేరే ఊరికి పోయి ఉండవచ్చును, ఆ వైద్యశాల మూతపడి ఉండవచ్చును, మీరే పిల్లల దగ్గరకు మరో దేశం వెళ్లి ఉండవచ్చును. ఆ చీటీ ఉంటే కొత్త వైద్యుడు పావుగంటలో సరైన భాగం తెప్పించి బిగిస్తాడు. లేకపోతే బాగున్న మరను కూడా ఎముక నుండి తొలిచి తీయవలసి రావచ్చును. దానిని బీరువాలో ఇంటి దస్తావేజులు ఉన్న సంచిలోనే పెట్టి, ఎక్కడ ఉన్నదో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.